అప్పన్నకి వదిలిన జాగా

పద్మకుమారి చేటలో ఉలవలు చెరుగుతోంది. అనూరాధ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చునేసరికే ఆ పని నడుస్తోంది. చేట ఎగిరినప్పుడల్లా గింజలన్నీ ఒక్కపెట్టున లేచి ఒక్కపెట్టున పడుతున్నాయి. పొట్టు మాత్రం ఎగరడం లేదు. ఒక్క రవ్వ కూడా.

ఇవి ఇంతకుముందే చెరిగిన ఉలవలు, అనుకుంది అనూరాధ.

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. పన్నెండు గంటలకి యమునను కోర్టులో పెడతారు. పెట్టాక ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుందో కోటబొమ్మాళిలో అందరికీ తెలుసు. తిరిగి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

యమునకి ఇరవై మూడేళ్ళు. భావనపాడు పిల్ల. ఈ ఇంటి యజమాని భీమశంకరరావుకి ఊరి చివర ధాన్యం లారీలు తూచే కాటా ఉంది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునేది యమునే. మంగళవారం మధ్యాహ్నం ఈ ఇంటి మేడ గదిలో ప్రదీప్ అనే ప్రోగ్రామరు తల వెనక దెబ్బ తగిలి చచ్చిపోయి కనిపించాడు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునే ఐదు కిలోల తూనికరాయితో ఎవరో కొట్టారు. మూడు గంటలకి బయటి మెట్ల మీదుగా యమున పైకి వెళ్ళడం ఎదురింటివాళ్ళు చూశారు. మూడు ఐదుకి పరుగెత్తుకుంటూ దిగడమూ చూశారు. పోలీసుల లెక్కలో కేసు అక్కడితో అయిపోయింది.

నిన్న యమున తల్లి చిన్నతల్లి ఎండుచేపల బుట్టతోనే బస్సెక్కి విజయనగరం వచ్చి, అనూరాధ ఎంక్వైరీ ఆఫీసు గుమ్మంలో కూలబడింది. పదేళ్ళుగా ఆ ఆఫీసుకి వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు, బీమా వాకబులు.

"నా పిల్ల బతికున్న సేప మీద కత్తి పెట్టడానికే జంకుతాదమ్మా," అంది చిన్నతల్లి. "రాయెత్తి మనిషిని కొడతాదేటి?"

అనూరాధ సంచి సర్దుకుంది.

"మంగళవారం సంగతి ఇంకొక్కసారి చెప్పండమ్మా," అంది ఇప్పుడు పద్మకుమారితో.

"ఎన్నిపాల్లు సెప్పాల తల్లీ? పోలీసులకి సెప్పినాను కదా."

"నేను పోలీసుని కాదు కదా."

పద్మకుమారి నిట్టూర్చింది. యాభై దాటిన మనిషి. ముక్కుపుడక తప్ప ఒంటి మీద బంగారం లేదు. "ఒంటిగంటన్నరకి ప్రదీపు దిగినాడు. అన్నం తిన్నాడు. ఉలవసారు ఇంకొంచెం పొయ్యమన్నాడు. రెండవకుండా పైకెళ్ళిపోనాడు. మా ఆయన రెండుంపావుకి టేషనుకెళ్ళినారు, పలాస నుంచి మా ఆడపడుచు వస్తాదని. నేను నడుం వాల్చినాను. మూడు పదికి టీ పట్టుకుని పైకెళ్తే..."

చేట ఆగింది.

"నడుం వాల్చి మళ్ళీ ఎప్పుడు లేచారు?"

"టీ పెట్టడానికే లేసినాను."

"మధ్యలో లేవలేదా?"

"లేవలేదు."

"ఫోనేమైనా వచ్చిందా?"

చేట మళ్ళీ మొదలైంది, ముందుకంటే జోరుగా. "గుర్తు లేదు తల్లీ."

అనూరాధ హాలంతా ఒకసారి చూసింది. మూలన చిన్న బల్ల మీద ఏదో తెల్లగుడ్డ కప్పి ఉంది. గుడ్డ అంచు కింద నుంచి పసుప్పచ్చ చామంతి రెక్కలు రెండు బయటికి వచ్చాయి. వాడలేదు. పొద్దున పెట్టిన పువ్వు.

"అదేంటమ్మా?"

"పాత కాటా కంప్యూటరు. రెండేళ్ళ కింద కాటాకి ఇంకోటి కొన్నప్పుడు దీన్ని ఇంటికి తెచ్చీసినారు."

"ఎవరు వాడతారు?"

"ఎవరు వాడతారు? ప్రదీపు వచ్చిన మొదటి వారం దాని ముందే కూకున్నాడు. మెయిలో ఏటో అందులోనే సూసుకునేవాడు. తరవాత పైకి మారిపోనాడు. నాకవేటి తెలుస్తాయి? నేను దాని జోలికెల్లను."

లోపలి గదిలోంచి భీమశంకరరావు వచ్చాడు. తెల్లపంచె, భుజం మీద తువ్వాలు, మాటలో తొందర లేని మనిషి. భార్యని చూడలేదు. అనూరాధకి నమస్కారం పెట్టి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"అడగండమ్మా. మా ఇంట్లో అడక్కూడనిదేటీ లేదు. నేను రెండు పదిహేనుకి బయల్దేరినాను. రెండు ఇరవై అయిదుకి టేషన్లో ఉన్నాను. అక్కడ టీ కొట్టు ఎల్లాజీ ఉన్నాడు, అడగండి. బండి గంట లేటు. మూడు యాభైకి మా సెల్లిని తీసుకుని బయటపడినాను."

"నిమిషాలతో సహా గుర్తున్నాయే."

"కాటా వాడినమ్మా. కిలో తేడా వస్తే ఊరుకోను, నిమిషం తేడా వస్తే ఊరుకుంటానా?"

"మీరు బయల్దేరే ముందు ప్రదీప్‌ని చూశారా?"

"సూసినాను. పని ఎంతవరకూ వచ్చిందని అడగడానికి ఓ అయిదు నిమిషాలు పైకెళ్ళినాను. బాగానే ఉన్నాడు." భీమశంకరరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేనెళ్ళిపోనాక రెండు యాభై రెండుకి మిల్లర్ల సంఘానికి మెయిలు కూడా పెట్టినాడు కదా. బతికున్నోడే కదమ్మా మెయిలు పెడతాడు."

మెయిలు సంగతి అనూరాధ అడగలేదు. అతను అడక్కుండానే చెప్పాడన్నది మాత్రం గుర్తుపెట్టుకుంది.

బయట జీపు ఆగింది. కిటికీలోంచి చూస్తే వెనక సీట్లో ఆడ కానిస్టేబులు, ఆమె పక్కన తల వంచుకుని యమున కనిపించారు. గేటు ఊచలు పట్టుకుని చిన్నతల్లి నిలబడి ఉంది. కూతురితో మాట్లాడనివ్వలేదు కాబోలు, జీపు వైపు చూస్తూ ఉండిపోయింది.

సీఐ నరసింగరావు చంకలో ఫైలుతో లోపలికి వచ్చాడు. అనూరాధను చూడగానే మీసం కింద నవ్వాడు.

"ఓహో, డిటెక్టివ్ మేడమ్ గారు. విజయనగరంలో పెళ్ళికొడుకులు అయిపోనారేటి?"

"ఇంకా ఉన్నారు సార్. వాళ్ళ మీద ఎవరూ హత్యకేసు పెట్టడం లేదు."

"ఈ కేసులో మీకు దొరికేదేటీ లేదు. అమ్మగారి సంతకం ఒకటి మిగిలింది, తీసుకుని పోతాను. పన్నెండుకి కోర్టు."

"మేడ గది పదిహేను నిమిషాలు చూస్తాను సార్."

"సీలేసిన గది అది. మీ పెళ్ళివారి విడిది కాదు."

"సూడనివ్వండి సీఐ గారూ," అన్నాడు భీమశంకరరావు. "ఆ పిల్ల తల్లి గేటు కాడ ఏడస్తన్నాది. రేపు మమ్మల్ని అనుకోకూడదు కదా, సూడనియ్యలేదని."

నరసింగరావు వాచీ చూసుకున్నాడు. "పది ముప్పై అయిదు. పదకొండుకి నేను కదిలిపోతాను. మీరు పైనుంటే పైనే ఉండిపోండి."

మేడ గది చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, కంప్యూటరు, నాపరాళ్ళ నేల మీద సుద్దగీత. తూనికరాయి ఉండే చోట గుండ్రంగా దుమ్ము లేని మచ్చ మిగిలింది. బల్ల ముందు కూర్చుంటే వీపు తలుపు వైపు ఉంటుంది. కాఫీ గ్లాసు పక్కనే ఉంది, సగం తాగింది. తెలిసిన మనిషి వస్తే తప్ప ఇలా వెనక్కి తిరక్కుండా కూర్చుని ఉండడు.

"ఈ మానిటరు, కింద హాల్లోని దానిలాంటిదేనా?" అని వెంట వచ్చిన నరసింగరావుని అడిగింది అనూరాధ.

"మానిటర్లు రెండూ పాతవే, ఒక్కరోజే కొన్నారంట. ఒక్కటే కొలత. మీకు మానిటర్లేటికి?"

"ప్రదీప్ ఏం పని చేసేవాడో తెలుసా సార్?"

"మిల్లర్ల సంఘం కోసం కాటా ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లకి మారస్తన్నాడు. అంతే కదా."

అంతే. కానీ ఆ అంతేలోనే అన్నీ ఉన్నాయని అనూరాధకి నిన్న సాయంత్రం నుంచి అనిపిస్తోంది. చుట్టుపక్కల పద్నాలుగు కాటాలు ఒకే ప్రోగ్రాంతో నడుస్తున్నాయి. పదకొండేళ్ళ కిందట రాసిన ప్రోగ్రాం అది. ఈ మధ్య కంప్యూటర్లలో తెర మీద విండోలు చూపించే పద్ధతే మారిపోయింది. పాత పద్ధతికి రాసినది కొత్తదాంట్లో నడవాలంటే లోపల వందల చోట్ల మార్చుకోవాలి. ఆ మార్పుల కోసం ప్రదీప్ ఒక పనిముట్టు రాసుకున్నాడు. పాత ప్రోగ్రాంని దాని చేతికి ఇస్తే, మార్చగలిగినవన్నీ మార్చేసి, మార్చలేనివేమిటో ఒక జాబితా ఇస్తుంది.

ఆ జాబితా బల్ల పైన గోడకి అతికించి ఉంది. ఇంగ్లీషులో ఇరవై ఆరు వరసలు. ఒకటి తప్ప అన్నిటి పక్కనా పెన్సిలుతో టిక్కు. అనూరాధ ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివింది. నరసింగరావు రెండుసార్లు దగ్గాడు.

తొమ్మిదో వరస దగ్గర వేలు ఆగింది. విండో తెర మీద తన చోటు తనే కోరుకోవడం, ఎడమ నుంచి 212 పిక్సెళ్ళు, అంటే తెర మీది చుక్కలు. కొత్త పద్ధతిలో లేదు, వదిలేయడమైనది.

పందొమ్మిదో వరస చుట్టూ సున్నా చుట్టి ఉంది. టిక్కు లేదు. వేరే ప్రోగ్రాం ఈ విండోలోకి చూడడం, అంకెలు మార్చడం. కొత్త పద్ధతిలో లేదు. దాని పక్కన ప్రదీప్ తెలుగులో రాసుకున్నాడు: ఎవరు చూస్తున్నారు? యమునని అడగాలి.

"అదీ," అన్నాడు నరసింగరావు. "మేం ముందే చూసేం. ఆ పిల్ల ఏదో తప్పుడు పని చేస్తన్నాది. ఈడు కనిపెట్టేడు. అడుగుదామని పిలిచేడు. ఆ పిల్ల వచ్చింది, రాయెత్తింది. ఇంతకన్నా ఏటి కావాల మీకు?"

"అడగాలి అంటే అనుమానమే అవుతుందా సార్? తెలిసినవాళ్ళని కూడా అడుగుతాం కదా."

"రెండు యాభై రెండుకి వాడు బతికున్నాడు. మెయిలుంది, దాంతో ఫోటో ఉంది. ఈ కంప్యూటరే తీసుకున్న తన తెర ఫోటో, స్క్రీన్‌షాటు. టెస్టు పూర్తయింది అని రాసేడు. మూడు పదికి అమ్మగారు చూసినప్పటికి చచ్చిపోయి ఉన్నాడు. మధ్యలో పైకెళ్ళింది ఒక్క మనిషి. డాక్టరు ఒంటిగంటన్నర నుంచి మూడున్నర అన్నాడు. ఆ రెండు గంటల్ని పద్దెనిమిది నిమిషాలు చేసింది ఆ ఫోటో."

"అంటే మీ కేసంతా ఆ ఫోటో మీద నిలబడి ఉంది."

"నిలబడి ఉంది. గట్టిగా."

అనూరాధ సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. పొద్దున ఎనిమిదింటికే మిల్లర్ల సంఘం గుమస్తాని బతిమాలి ఆ మెయిలులోని అసలు ఫైలు తెచ్చుకుంది. తెర మీద పెట్టింది. నీలం తెర, దాని మీద కాటా ప్రోగ్రాం విండో. లారీ నంబరు, బరువు, తేదీ ఖాళీలు. విండో కుడివైపుకి ఒదిగి ఉంది. ఎడమ పక్కన నాలుగు వేళ్ళ మేర ఖాళీ.

"ఈ ఖాళీ ఎందుకుందో చెప్పగలరా?"

"ఖాళీయా? ఖాళీ గురించి కోర్టులో ఏటి చెప్పుకుంటాం?"

ప్రదీప్ కంప్యూటరుకి పాస్‌వర్డ్ లేదు. అనూరాధ అతను మార్చిన కాటా ప్రోగ్రాం తెరిచింది. విండో వచ్చి తెర నడిమధ్యన నిలబడింది. మూసింది. తెరిచింది. మళ్ళీ నడిమధ్యే. అయిదుసార్లు తెరిచింది. అయిదుసార్లూ అక్కడే.

"కొత్త పద్ధతిలో ఏ విండో ఎక్కడుండాలో కంప్యూటరే చెప్తుంది సార్. నన్ను పక్కన కూర్చోబెట్టు అని ప్రోగ్రాం అడగడానికి లేదు. తొమ్మిదో వరస అదే."

"మౌసుతో జరిపుంటాడు."

"జరిపి ఉండొచ్చు. ఎంత జరిపాడో కొలుద్దాం."

బొమ్మలు దిద్దే ప్రోగ్రాంలో ఆ ఫోటో తెరిచి, విండో ఎడమ అంచు మీద మౌసు పెట్టింది. కింద మూలన అంకె కనిపించింది. నరసింగరావు ముందుకి వంగి చూశాడు. తర్వాత గోడ మీది జాబితా చూశాడు. ఆమె చేతిలోంచి మౌసు లాక్కుని, అంచు మీద తనే పెట్టాడు.

212.

"చేత్తో జరిపితే రెండు వందల తొమ్మిది రావచ్చు, రెండు వందల ఇరవై రావచ్చు," అంది అనూరాధ. "పాత ప్రోగ్రాం అడిగే అంకె, చుక్క తేడా లేకుండా వచ్చింది. ఈ ఫోటో ఈ కంప్యూటరు మీద తీసింది కాదు. పాత పద్ధతిలో నడిచే దాని మీద తీశారు."

నరసింగరావు మౌసు వదిలేశాడు. వెంటనే ఒప్పుకునే మనిషి కాదు. "కాటాలో ఉన్నాది పాతదే. యమున అక్కడ తీసి పంపి, వచ్చి ఉంటాది."

"మంగళవారం రెండు నుంచి మూడున్నర దాకా కాటా వైపు కరెంటు లేదు. కరెంటు ఆఫీసులో రాసి ఇచ్చారు." ఆమె ఆ కాగితం బల్ల మీద పెట్టింది. "లారీలు ఆగిపోయాయి కాబట్టే యమున ఆ టైములో ఇక్కడికి రాగలిగింది. ఇక ప్రదీప్ మెయిలు చూసుకున్న పాత కంప్యూటరు ఒక్కటే ఉంది సార్. మీరు వచ్చేటప్పుడు దాని పక్కనుంచే వచ్చారు."

పదకొండుకి ఏడు నిమిషాలుంది. కిందకి దిగేటప్పుడు నరసింగరావు ముందు నడవలేదు.

హాల్లో భీమశంకరరావు అదే కుర్చీలో ఉన్నాడు. పద్మకుమారి అవే ఉలవలు చెరుగుతోంది. అనూరాధ మూలకి వెళ్ళి తెల్లగుడ్డ తీసింది.

పాత మానిటరు. అద్దం మీద ఎడమ పక్కన, కింద నుంచి జానెడు ఎత్తున, సింహాద్రి అప్పన్న బొమ్మ అతికించి ఉంది. చందనం రంగు ముద్ద, నామాలు. అంచులకి పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్టు పొద్దున పెట్టినదే. పైన చామంతి పువ్వు.

"దేవుడి బొమ్మ," అన్నాడు భీమశంకరరావు. "మాది అప్పన్న ఇలవేల్పు."

అనూరాధ కంప్యూటరు ఆన్ చేసింది. అది మూలుగుతూ లేచింది. కాటా ప్రోగ్రాం తెరిచింది. విండో వచ్చి కుడివైపుకి ఒదిగింది. దాని ఎడమ అంచు అప్పన్న బొమ్మ అంచుని తాకి ఆగింది. ఒక్క అక్షరం కూడా దేవుడి మీద పడలేదు.

నరసింగరావు గట్టిగా ఊపిరి వదిలాడు. ఫోటోలో అద్దం మీది బొమ్మ రాదు. దానికోసం వదిలిన ఖాళీ వస్తుంది.

"చాలా చక్కగా ఉందమ్మా," అంది అనూరాధ వెనక్కి తిరక్కుండానే. "అప్పన్నకి ఇలా జాగా వదలాలని ఎవరికి తోచింది?"

"నాకే," అంది పద్మకుమారి. ఆ గొంతులో తనకి తెలియకుండానే కొంచెం గర్వం వచ్చింది. "కాటా పెట్టిన కొత్తలో మూడేళ్ళు నేనే కూకున్నాను. అప్పుడు మా ఆయనకి కాలిరిగిపోనాది. నేను బొమ్మ అంటిస్తే లారీల బరువులన్నీ సామి మొకం మీదే పడతన్నాయి. ఇదేటి అపచారమని ఆ ప్రోగ్రాం రాసినోడితో పోట్లాడి పక్కకి జరిపించినాను. అన్ని కాటాలకీ అలాగే ఎల్లిపోనాది మరి..."

అక్కడ ఆగిపోయింది. దాని జోలికెల్లనని అరగంట కిందట చెప్పిన మాట ఆమెకే గుర్తొచ్చినట్టుంది.

"సార్, మీ ఫైల్లో ఈమె ఫోను లిస్టు ఉంటుంది," అంది అనూరాధ.

నరసింగరావు కాగితాలు తిప్పాడు. "రెండు నలభై నాలుగు. డెబ్భై సెకన్లు. షావుకారు గారి నంబరు నుంచి." తల ఎత్తాడు. "ఇది చూసేం. మొగుడు పెళ్ళానికి ఫోను చేస్తే కేసేటి?"

"కాదు. కానీ నడుం వాల్చినామె ఫోనెత్తింది. ఎనిమిది నిమిషాల తర్వాత ఈ కంప్యూటరు నుంచి ఫోటో వెళ్ళింది. మొదటి వారం తెరిచిన ప్రదీప్ మెయిలు దీంట్లో ఇంకా తెరిచే ఉంది, చూడండి. ఆ సమయానికి ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు మేడ మీద, నేల మీద పడి ఉన్నారు."

"ఏటమ్మా, మా ఆడదాని మీదికి తోస్తన్నావా?" భీమశంకరరావు గొంతు పెరగలేదు. తువ్వాలు మాత్రం ఒక భుజం నుంచి రెండో భుజానికి మారింది.

"లేదు. ఆమెకేమీ తెలియదు. తెలియదు కాబట్టే పంపింది."

"మరెందుకు చంపుతారు?" అన్నాడు నరసింగరావు. ఈసారి ఆ ప్రశ్నలో వెటకారం లేదు.

"పంక్తి భోజనం చూశారు కదా సార్. వరసగా కూర్చుంటే ఎవరి విస్తట్లో ఏముందో పక్కవాడికి కనిపిస్తుంది. చెయ్యి చాపితే అందుతుంది కూడా. పాత పద్ధతిలో ప్రోగ్రాములు అలా కూర్చుంటాయి. ఒకటి రెండోదానిలోకి చూడొచ్చు, అంకె మార్చొచ్చు. కొత్త పద్ధతిలో ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. కాటా కంప్యూటర్లో ఇంకో ప్రోగ్రాం దాక్కుని ఉండి, వచ్చిన బరువులో టన్నుకి ఆరు కిలోలు తగ్గిస్తోంది. రైతు ధాన్యమే తగ్గుతుంది. కొత్తదానికి మారగానే దాని కళ్ళు పోతాయి. పందొమ్మిదో వరస దగ్గర ప్రదీప్‌కి అది దొరికింది. ఎవరు చూస్తున్నారు అని రాసుకున్నాడు."

"మీకెలా తెలుసు ఆరు కిలోలని?"

"బయట కాటా పెట్టె మీద వెలిగే అంకె ఒకటి, లోపల తెర మీద పడే అంకె ఒకటి. తేడా చూసి రెండు నెలలుగా రాసుకుంటోంది యమున. ఇంటి దగ్గర ఆ నోటు పుస్తకం ఉంది, వాళ్ళమ్మ నాకు చూపించింది. మంగళవారం ఆ పిల్ల కరెంటు పోకముందే కాటా ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని ప్రదీప్‌కి తెచ్చింది. ఆ పెన్‌డ్రైవు మీ స్టేషన్లో సీలేసి ఉంది. తెరిచారా?"

"లేబుకి పంపాల."

"రెండు రోజులుగా ఎందుకు చంపావు అని అడిగారు సార్. ఎందుకు వచ్చావు అని ఒక్కసారి అడిగారా?"

నరసింగరావు మొహం ఎర్రబడింది. ఫైలు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు.

భీమశంకరరావు మెల్లిగా నవ్వాడు. "కథ బాగున్నాదమ్మా. కానీ నువ్వు సదువుకున్నదానివి, ఆలోసించు. ప్రదీపు కిందకి దిగి ఆ పాతదాని మీద ఫోటో తీసి, మళ్ళీ పైకెళ్ళి ఉండొచ్చు కదా? మా ఇంటిది నిద్రలో ఉన్నాది, సూడలేదు. ఫోను నేనే సేసినాను, బండి లేటని సెప్పడానికి. కాటాలో ఏదో ప్రోగ్రాం ఉన్నాదంటావు, అక్కడ కూకునేది యమునే. ఎవరు పెట్టినారో ఎవరికి తెలుసు? సీఐ గారూ, ఖాళీ జాగా సూసి మనుసుల్ని పట్టుకుంటారేటి?"

అతను చెప్పినదాంట్లో అబద్ధమని అనూరాధ రుజువు చేయగలిగిన మాట ఒక్కటీ లేదు. ఫోటో ఎక్కడ తీశారో కంప్యూటరు చెప్పింది. ఎవరు తీయమన్నారో చెప్పదు. అది చెప్పగలిగిన మనిషి చేట పట్టుకుని కూర్చుని ఉంది.

పదకొండు దాటి నాలుగు నిమిషాలైంది. నరసింగరావు వాచీ చూసుకున్నాడు కానీ కదలలేదు.

అనూరాధ వెళ్ళి పద్మకుమారి ఎదుట పీట మీద కూర్చుంది. "అమ్మా. బయట జీపులో ఉన్న పిల్లని చూశారా?"

"సూసినాను."

"ఆ పిల్లని లోపల వేయిస్తున్నది ఆ ఫోటో ఒక్కటే. అది లేకపోతే ఆమె మీద కేసే నిలబడదు."

పద్మకుమారి తల ఎత్తింది. "ఆ పోటోయేనా?"

"మీకు చెప్పలేదా?"

"ఇంకేదో సాచ్చీకం ఉన్నాదన్నారు. రాయి మీద ఏలిముద్రలు దొరికినాయన్నారు."

"ఎవరన్నారు?"

"రాయి శుభ్రంగా తుడిచి ఉంది," అన్నాడు నరసింగరావు. "వేలిముద్రలేవీ లేవు. ఉన్నాయని మేం ఎవరికీ చెప్పలేదు."

పద్మకుమారి భర్త వైపు చూసింది. ఆ చూపు కోపంగా లేదు. లెక్క చూసుకుంటున్నట్టు ఉంది. రెండు నలభై నాలుగుకి వచ్చిన ఫోనులో, ప్రదీపు ఫోటో పంపమన్నాడని భర్త చెప్పిన మాటల్ని, తను చూసినవాటితో ఒక్కొక్కటీ తూచుకుంటున్నట్టు. టీ గ్లాసు పట్టుకుని మేడ ఎక్కినప్పుడు నేల మీది రక్తం అప్పటికే నల్లబడి, అట్టకట్టి ఉండడం. అరగంట కింద ఫోటో పంపమన్నవాడి రక్తం అది కాకూడదు. ఈ రెండు రోజులూ ఆమె చేతులు చెరిగినవే చెరుగుతున్నది ఆ లెక్క దగ్గరికి వెళ్ళకుండా ఉండడానికే.

"పద్మా," అన్నాడు భీమశంకరరావు. "ఉలవలు తీసీసి లోపలికెళ్ళు."

ఆమె చేట కింద పెట్టింది. లేచి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుని, మూలకి వెళ్ళి, అప్పన్న బొమ్మ మీదినుంచి జారబోతున్న చామంతిని సరిచేసింది. వంటింటి గుమ్మం ఆమెకి ఎడమ పక్కన ఉంది.

"లోపలికెళ్ళమన్నాను."

పద్మకుమారి వీధి గుమ్మం వైపు నడిచింది. భీమశంకరరావు కుర్చీలోంచి సగం లేచాడు. నరసింగరావు ఫైలు చంకలో పెట్టుకుని రెండడుగులు వేసి, అతనికీ గుమ్మానికీ మధ్యన నిలబడ్డాడు. "కూర్చోండి షావుకారు గారూ," అన్నాడు.

ఆమె మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంది. గేటు తీసింది. ఊచలు పట్టుకుని ఉన్న చిన్నతల్లి పక్కకి తప్పుకుంది. పద్మకుమారి ఇంటి వైపు తిరిగి చూడలేదు. జీపు వెనకకి వెళ్ళి, కడ్డీ పట్టుకుని ఎక్కింది.

యమున కొంచెం పక్కకి జరిగి జాగా ఇచ్చింది.